మంచం కింద మంచం బయటికి రావడం లేదు... బిల్లు లేకుండా కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ సత్యనారాయణపురంలో అద్దె ఇల్లు. పిల్లల గది 9 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. రెండు మంచాలు పట్టవని, పై మంచం కిందికి చక్రాల మంచం దూరిపోయేలా గుడివాడలో తెలిసిన వడ్రంగితో చేయించాం. 46,000 రూపాయలకు మాట. 25,000 ఫోన్‌పేలో, 13,000 చేతికి ఇచ్చాం. బిల్లు లేదు. తీరా బిగించాక కింది మంచం గోడకు కట్టిన సిమెంటు అరలకు తగిలి, పూర్తిగా బయటికి రావడం లేదు. పరుపు వేస్తే లోపలికి పోదు. పదో రోజున చక్రం ఊడి, మంచం ఒరిగి మా చిన్నవాడి వేలు నలిగింది. మూడు కుట్లు పడ్డాయి. అడిగితే ‘మీరు చెప్పినట్టే చేశా, మిగతా 8,000 ఇవ్వండి, లేదంటే మంచం ఎత్తుకుపోతా’ అంటున్నాడు. ఇంటి యజమానేమో గోడకు మరలు దిగాయి కాబట్టి ఖాళీ చేసేటప్పుడు మంచం వదిలి వెళ్ళాలంటున్నారు. ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: బిల్లు సంగతి కాసేపు పక్కన పెట్టండి. మీ కేసు నిలబడినా పడిపోయినా ఒక్క ప్రశ్న మీదే: గది కొలతలు ఎవరు తీశారు?

మీరు పంపిన వాట్సాప్ సంభాషణ మొత్తం చదివాను. అందులో మీకు బలం ఒక వాయిస్ మెసేజ్. ‘మేడమ్, మీరు టేపు పట్టుకోవద్దు, ఆదివారం నేనే వచ్చి కొలుచుకుంటా’ అన్నాడాయన. వచ్చాడు, కొలిచాడు, చీటీ మీద బొమ్మ గీసి ఫొటో పంపాడు. ఆ బొమ్మలో గది వెడల్పు 8 అడుగులని ఉంది. సిమెంటు అరలు మాత్రం లేవు. అవి 2 అడుగుల 6 అంగుళాలు ముందుకొచ్చాయి కదా, మిగిలేది 5 అడుగుల 6 అంగుళాలు. పై మంచం 3 అడుగులు, కిందిది 2 అడుగుల 9 అంగుళాలు. రెండూ కలిస్తే 5 అడుగుల 9 అంగుళాలు. 3 అంగుళాలు ఎక్కడి నుంచి వస్తాయి?

పరుపు లెక్క కూడా అంతే. ‘రెండిటికీ 4 అంగుళాల పరుపులే’ అని మీరు ముందే రాశారు. పై మంచం పట్టె కింద ఆయన ఉంచిన ఖాళీ నేల నుంచి 10 అంగుళాలు. చక్రాలు, చట్రం, చెక్క కలిసి ఆరున్నర, పరుపు 4, మొత్తం పదిన్నర. అర అంగుళం దగ్గర పని చెడింది. కొలతలు మీరే చెప్పి, ఆయన ఆ ప్రకారమే కోసి ఉంటే నా సలహా వేరుగా ఉండేది.

ఇక చట్టం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది. ‘వడ్రంగి పని కూలి పని, దానికి ఈ చట్టమేమిటి’ అని అవతలి వకీలు అనవచ్చు. మీ ఇంట్లో జీతానికి పనిచేసే మనిషి సేవ దీనికిందికి రాదన్నది నిజమే. సొంత పనిముట్లతో, సొంత నైపుణ్యంతో, ఇంత మొత్తానికని ఒప్పుకుని చేసిన పని అలాంటిది కాదు. ఈ తేడాను సుప్రీంకోర్టు 1995లో వైద్యుల కేసులో, ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి. శాంత తీర్పులో, వివరంగా చెప్పింది. పైగా ప్లైవుడ్ కూడా ఆయనే తెచ్చాడు. కాబట్టి సేవలో లోపమని అనవచ్చు, వస్తువులో లోపమనీ అనవచ్చు. ఫిర్యాదులో రెండూ రాయించండి.

నోటిమాట ఒప్పందమూ ఒప్పందమే. ఫోన్‌పే చెల్లింపు, చీటీ ఫొటో, వాయిస్ మెసేజ్ కలిస్తే బిల్లు లేని లోటు చాలావరకు తీరుతుంది. ఆ ఫోన్ మాత్రం మార్చకండి, మెసేజ్‌లు చెరిపేయకండి. స్క్రీన్‌షాట్లతో పాటు, అవి ఆ ఫోన్‌లోవేనని ధ్రువీకరించే సర్టిఫికెట్‌ను భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ ప్రకారం జతచేస్తే అభ్యంతరాలకు తావుండదు. చేతికిచ్చిన 13,000 దగ్గరే కాస్త చిక్కు. కానీ ‘మిగతా 8,000’ అని ఆయనే మెసేజ్ పెట్టాడు చూడండి, అంటే 38,000 ముట్టాయని ఒప్పుకున్నట్టే.

పిల్లవాడి వేలు విషయం వేరే పద్దు. తయారీ లోపం వల్ల గాయమైతే వినియోగదారుల రక్షణ చట్టంలోని 84వ సెక్షన్ కింద తయారీదారు పరిహారం కట్టాల్సి ఉంటుంది. ఊడిన చక్రాన్ని మీరు మళ్ళీ బిగించారా? బిగించకపోతే అలాగే ఉంచండి. ‘వాళ్ళే మార్చారు, అందుకే ఊడింది’ అనడానికి ఆయనకు సందు ఇవ్వొద్దు. టేపు పెట్టి ఫొటోలు తీయండి. వేరే వడ్రంగిని పిలిచి, ఎక్కడ తప్పు జరిగిందో, బాగుచేయడానికి ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. ఆసుపత్రి చీటీలు దాచండి.

మంచం ఎత్తుకుపోతానన్న బెదిరింపుకు భయపడక్కర్లేదు. డబ్బు రాలేదని సరుకు పట్టి ఉంచుకునే హక్కు, సరుకు కొన్నవారి చేతికి చేరగానే పోతుంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 49వ సెక్షన్ చెప్పేది అదే. బాకీ ఉందనుకుంటే దావా వేసుకోవాలి. ఇంట్లోకి జొరబడితే పోలీసులకు ఫోన్ చేయండి. అయితే మీరూ 8,000 ఊరికే ఆపి కూర్చోవద్దు. ఎందుకు ఆపారో ఈ రోజే మెసేజ్‌లో రాయండి.

తర్వాత స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. చట్టం నోటీసు తప్పనిసరి అనలేదు గానీ, ఇలాంటివి సగం అక్కడే తేలిపోవడం నేను చూశాను. 15 రోజుల గడువిచ్చి రెండు దారులు చూపండి: కింది మంచాన్ని వెడల్పు 2 అడుగుల 5 అంగుళాలకు కోసి, చట్రం ఒక అంగుళం దించి, గట్టి చక్రాలు వేసి, ఆసుపత్రి ఖర్చు ఇవ్వడం, లేదా మంచం తీసుకెళ్ళి 38,000 తిరిగి ఇవ్వడం. నా ఓటు మొదటిదానికే. పిల్లలు ఇవాళ రాత్రి పడుకోవాలి, తీర్పు వచ్చేదాకా ఆగలేరు.

కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు విజయవాడలోనే వేయవచ్చు. ఫిర్యాదుదారు ఉంటున్న చోట వేసుకునే వీలు వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ఇచ్చింది, గుడివాడ తిరగనక్కర్లేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్ళు. కమిషన్ నోటీసు అవతలివారికి అందిన నాటి నుంచి మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. మూడు నెలల్లో తేలుతుందని మీకు మాటివ్వలేను. మొదట్లోనే మధ్యవర్తిత్వానికి పంపుతామంటే ఒప్పుకోండి.

ఇంటి యజమాని మాటకు బలం లేదు. నాలుగు మరలు దిగినంత మాత్రాన మంచం గోడలో భాగమైపోదు. నేలకో గోడకో బిగించినవాటిని కూడా, ఇల్లు మీ స్వాధీనంలో ఉన్నంతవరకు, అద్దెదారు తీసుకెళ్ళవచ్చని ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. ఇల్లు మీకిచ్చినప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలి, అంతే. మీ అద్దె ఒప్పందంలో దీనికి విరుద్ధంగా ఏమైనా రాసి ఉందేమో మాత్రం చూసుకోండి, ఉంటే అదే చెల్లుతుంది. లేకపోతే తాళాలు ఇచ్చేశాక కాదు, ఇవ్వకముందే మంచం దింపించి, కన్నాలకు పుట్టీ పెట్టించి, ఫొటో తీసుకోండి.