గాలివాన తర్వాత మోటారు గుర్రుమంటోంది

ప్రశ్న: ఈదురుగాలికి మా లైన్ తెగింది. కరెంటు వచ్చాక బోరు మోటారు గుర్రుమంటోంది, నీళ్లు రావట్లేదు. కారణమేంటి?
– ఒక రైతు, కళ్యాణదుర్గం

జవాబు: వెంటనే స్టార్టర్ ఆపేయండి. మూడు ఫేజుల్లో ఒకటి రాకపోతే మోటారు తిరగదు. మిగతా రెండిట్లో కరెంటు విపరీతంగా లాగి, నిమిషాల్లోనే వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్ట) కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోవడమో, జంపరు (లైన్లను కలిపే తీగ ముక్క) తెగడమో జరిగి ఉంటుంది.

ఎలక్ట్రీషియన్‌తో ఫేజుకీ ఫేజుకీ మధ్య మూడు జతలూ కొలిపించండి. ఒక్కోటి 415 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. ఏ జతైనా బాగా తగ్గితే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేయండి. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు మాత్రం మీరు ముట్టుకోవద్దు, ప్రాణాలు పోతాయి.

మూడూ సరిగ్గా ఉన్నా గుర్రుమంటే తప్పు కేబుల్‌లోనో మోటారులోనో ఉండొచ్చు. సరఫరా కుదురుకునేదాకా కరెంటు రాగానే మోటారును దానంతటదే ఆన్ చేసే ఆటో స్టార్టర్ తీసేయండి. ఒక ఫేజు పోతే మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ లేకపోతే తప్పక పెట్టించండి. రీవైండింగ్ ఖర్చు ముందు దాని ధర ఏపాటిది!