టీకాలు వేసే నర్సు టీకాల పాలసీలోకి వెళ్లగలదా?

ప్రశ్న: మేడమ్, బీఎస్సీ నర్సింగ్ చేసి ఆరేళ్లుగా ఒక పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. బుధ, శనివారాల్లో టీకాల పనంటే ఇష్టం. టీకాల పాలసీ వైపు వెళ్లాలని ఉందంటే మా డాక్టర్‌గారు నవ్వి, 'అవన్నీ ఢిల్లీలో పెద్దవాళ్లు చూసుకుంటార్లే, నువ్వు రిజిస్టర్ రాయి' అన్నారు. నిజంగా దారి లేదా? ఉద్యోగం మానేసి చదవాలా? ఇంట్లో వాళ్లూ టెన్షన్ పడుతున్నారు.
- ఒక స్టాఫ్ నర్సు, విజయనగరం జిల్లా

జవాబు: ముందు ఉద్యోగం మానకండమ్మా. ఆయన మాటలో సగం నిజం ఉంది. ఏ టీకా పెట్టాలో కేంద్రానికి సలహా ఇచ్చే ఎన్‌టీఏజీఐ 2001లో వచ్చింది, అందులో ఎక్కువమంది డాక్టర్లూ శాస్త్రవేత్తలే. జిల్లా ఇమ్యునైజేషన్ ఆఫీసర్ కుర్చీ కూడా డాక్టర్లదే. దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

మిగతా సగం ఆయనకి తట్టలేదు. 2016 ఏప్రిల్‌లో పోలియో చుక్కల మందులోంచి టైప్ 2 (పోలియో వైరస్‌లో ఒక రకం) తీసేశారు కదా, ఆ తర్వాత హైదరాబాద్ మురుగునీటిలో టీకా నుంచే రూపు మారిన టైప్ 2 వైరస్ కనబడింది. అప్పుడేమో ప్రపంచమంతా ఐపీవీకి, అంటే సూదితో వేసే పోలియో టీకాకి కొరత. అందుకని కండరానికి 0.5 మి.లీ. వేసే బదులు చర్మంలోకి 0.1 మి.లీ. వేద్దామన్నారు, జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో దాదాపు 3 లక్షల మంది పిల్లలకి అలాగే వేశారు. ఒకరి మందు ఐదుగురికి, లెక్క బాగానే ఉంది. కానీ గింజుకునే పిల్లాడికి చర్మంలోకి సరిగ్గా బొబ్బ లేచేలా వేయడం ఎంత కష్టమో మీకు చెప్పాలా? చర్మంలోకే వేసే బీసీజీ (క్షయ టీకా) వేసి వేసి చెయ్యి తిరిగినవాళ్లు ఉండబట్టే ఆ నిర్ణయం గట్టెక్కింది.

అలాంటి సంగతులు మీ దగ్గర బోలెడు ఉంటాయి, రాసిపెట్టడమే తక్కువ. ఎంఆర్ (తట్టు, రుబెల్లా టీకా) వయల్‌నే తీసుకోండి, ఒక్కో సీసాలో పలువురు పిల్లలకి సరిపడా మందుంటుంది. కలిపాక 4 గంటలు దాటితే పారేయాలి, అయినా ఒక్క బిడ్డ వచ్చినా తెరవమనే నిబంధన. కానీ వేస్టేజ్ ఎందుకు పెరిగిందని రివ్యూలో నిలదీస్తారన్న భయంతో 'వచ్చే బుధవారం రామ్మా' అని పంపేస్తారు. ఆ రోజు కూలి పోగొట్టుకుని వచ్చిన తల్లి మళ్లీ వస్తుందా? ఆరు నెలలపాటు, పేర్లు లేకుండా, ఏ రోజు ఎంతమంది ఎందుకు వెనక్కి వెళ్లారో రాయండి. ఎక్సెల్ నేర్చుకుని అందులో పెట్టండి, మీ మెడికల్ ఆఫీసర్‌తో కలిసి జిల్లా రివ్యూకి తీసుకెళ్లండి (నవ్విన డాక్టర్‌గారే అయినా సరే). దాన్ని పరిశోధనగా అచ్చు వేయించాలనుకుంటే మాత్రం మొదలుపెట్టకముందే ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

చదువు ఆ తర్వాత. ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) రెండేళ్లు, హైదరాబాద్‌లో ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్)లోనూ సెంట్రల్ యూనివర్సిటీలోనూ ఉంది. అర్హత ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. మీది పర్మినెంట్ పోస్టయితే రాజీనామా మాట ఎత్తకముందు స్టడీ లీవు సంగతి కనుక్కోండి. చదివాక రాష్ట్ర ఇమ్యునైజేషన్ విభాగంలో, యూనిసెఫ్ లాంటి సంస్థల్లో కన్సల్టెంట్ పోస్టులకి ప్రయత్నించవచ్చు. ఎంబీబీఎస్ కావాలన్న ప్రకటనలు వదిలేయండి, అవి చాలానే కనిపిస్తాయి. ఇంకోటి, ఇవి ఎక్కువగా కాంట్రాక్టువే, ఏడాదికోసారి రెన్యువల్, ఊళ్లు తిరగాలి. ఇది ఇంట్లో ఇప్పుడే చెప్పేయండి, రేపు ఆర్డరు చేతికొచ్చాక చెబితే గొడవ రెట్టింపవుతుంది.