కెమెరా ప్రశ్నలు: టెలికన్వర్టరా, పెద్ద లెన్సా?

ప్రశ్న: నా దగ్గర నికాన్ డీ7500, 70-200 ఎఫ్/2.8 వీఆర్ 2 లెన్సు ఉన్నాయి. ఆర్డీటీ గ్రౌండ్‌లోనూ, చుట్టుపక్కల కాలేజీ గ్రౌండ్లలోనూ క్రికెట్ మ్యాచ్‌లు తీసి లోకల్ పేపర్లకు, టీములకు ఇస్తుంటాను. బౌండరీ అవతల నుంచి తీస్తే బ్యాటర్ మరీ చిన్నగా వస్తున్నాడు. కెమెరాకూ లెన్సుకూ మధ్య బిగించే 2ఎక్స్ టెలికన్వర్టర్‌తో పనైపోతుందా, అప్పు చేసైనా పెద్ద లెన్సు కొనాలా?
– ఓ పాఠకుడు, అనంతపురం

జవాబు: ముందు ఆ అప్పు మాట పక్కన పెట్టండి, లెక్క చూద్దాం.

మీరు తాడు అవతల కూర్చుంటే బ్యాటర్ సుమారు 70 మీటర్ల దూరంలో ఉంటాడనుకుందాం. కాలేజీ గ్రౌండైతే ఇంకాస్త దగ్గర. మీ కెమెరాకు అంత దూరంలో 200 ఎంఎం దగ్గర అయిదున్నర మీటర్ల ఎత్తు పడుతుంది. అయిదడుగుల తొమ్మిదంగుళాల మనిషి అందులో మూడో వంతు కూడా ఉండడు. మిగతాదంతా గడ్డి, సైట్ స్క్రీన్, వెనకాల తిరిగే జనం. 1.4 కన్వర్టర్ తగిలిస్తే 280 ఎంఎం అవుతుంది, మనిషి సగం ఫ్రేముకు కాస్త తక్కువగా వస్తాడు. 400 దగ్గర దాదాపు మూడింట రెండు వంతులు. 500 దగ్గరికి వెళ్తే అయిదింట నాలుగు వంతులు. హెల్మెట్ గ్రిల్ వెనక కళ్లు తెలిసేలా ఫొటో కావాలంటే మీరు వెళ్లాల్సింది అక్కడికే.

ఇక 2ఎక్స్ సంగతి. మీ 70-200 కాస్తా 140-400 అవుతుంది, బాగానే ఉంది. కానీ ఎఫ్/2.8 పోయి 5.6 మిగులుతుంది, అంటే లోపలికొచ్చే వెలుతురు నాలుగో వంతు. కన్వర్టర్ చేసే పనల్లా లెన్సు ఇచ్చిన బొమ్మలో నడిమి భాగాన్ని సాగదీయడం. లెన్సులో ఉన్న చిన్నాచితకా లోపాలు కూడా దానితోపాటే పెద్దవవుతాయి. ఫుల్ ఓపెన్‌లో, అంటే లెన్సు పూర్తిగా తెరిచి తీస్తే, జెర్సీ మీద అక్షరాలు కాస్త అలికినట్టు వస్తాయి. అది సర్దుకోవాలంటే ఎఫ్/8కి దిగాలి, అంటే ఇంకో స్టాప్ పోయినట్టే, వెలుతురు మళ్లీ సగమవుతుంది. ఆటోఫోకస్ కూడా నెమ్మదిస్తుంది. నిలబడ్డ బ్యాటర్‌కు పర్లేదు గానీ, మీ వైపు పరిగెత్తుకొచ్చే ఫాస్ట్ బౌలర్‌ని అది పట్టుకోలేదు.

ఎలాగూ 5.6కే దిగుతున్నప్పుడు నికాన్ 200-500 ఎఫ్/5.6 కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం. అది 2015లో వచ్చిన లెన్సు, సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది. వెలుతురు విషయంలో మీ 2ఎక్స్ జోడీకీ దీనికీ తేడా లేదు. పైగా ఇంకో వంద ఎంఎం ఎక్కువ, ఫుల్ ఓపెన్‌లోనే షార్ప్‌గా ఇస్తుంది. సిగ్మా, టామ్రాన్ 150-600లు కూడా చూడొచ్చు గానీ, అవి చివర్లో 6.3కి దిగుతాయి.

కష్టాలు లేవని కాదు. ఈ 200-500 కాలర్‌తో (స్టాండుకు బిగించే పట్టీతో) కలిపి 2.3 కిలోలు ఉంటుంది. చేత్తో పట్టుకుని ఒక సెషన్ తీస్తే లంచ్‌కి భుజం పట్టేస్తుంది, మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) తప్పనిసరి. మోనోపాడ్‌ను లెన్సు కాలర్‌కు బిగించాలి, కెమెరా అడుగున కాదు. జూమ్ రింగ్ చాలా దూరం తిప్పాలి, ఒక్క విసురుకు 200 నుంచి 500కి రాదు. క్యాచ్ పట్టిన ఫీల్డర్ గంతులేస్తూ మీ ముందుకే వచ్చాడనుకోండి, 200 దగ్గర కూడా తల, ఛాతీ తప్ప ఏమీ పట్టవు. అప్పుడు మీ పాత 70-200 విలువ తెలుస్తుంది. దాన్ని అమ్మి ఇది కొనే ఆలోచన ఉంటే మానుకోండి. వీలైతే పాత కెమెరా బాడీ ఒకటి సంపాదించి 70-200ను దానికి తగిలించి పక్కన పెట్టుకోండి. మీ ఊరి గాలికి, దుమ్ముకు గ్రౌండ్‌లో లెన్సులు మార్చడం మంచిది కాదు. కన్వర్టర్ పెట్టడం, తీయడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

ఎండ ఉన్నంతసేపూ 5.6తో ఇబ్బంది లేదు. మంచి ఎండలో ఐఎస్ఓ 400కే 1/3200 షట్టర్ దొరుకుతుంది, బంతి బ్యాట్‌ను వదిలే క్షణం ఆగిపోతుంది. టెన్షన్ అంతా సాయంత్రం అయిదున్నర తర్వాతే. మ్యాచ్ తేలేది కూడా ఆ టైములోనే కదా! అప్పుడు 200-500ను లోపల పెట్టి, 70-200ను 2.8 దగ్గర ఉంచి, తర్వాత క్రాప్ చేసుకోండి. మీది 20.9 మెగాపిక్సెల్ కెమెరా. 1.4 రెట్లు క్రాప్ చేసినా పది మెగాపిక్సెల్స్ పైన మిగులుతాయి. పేపర్లో నాలుగు కాలమ్స్‌కే కాదు, పన్నెండు బై ఎనిమిది ప్రింటుకూ సరిపోతుంది. అందుకే 1.4 కన్వర్టర్ కొనమని కూడా మీకు గట్టిగా చెప్పలేను. అదిచ్చేది దాదాపు ఆ క్రాప్‌తోనే వస్తుంది.

ఇంకో మాట. ఏప్రిల్, మే నెలల్లో మిట్టమధ్యాహ్నం పిచ్ మీద గాలి అలలు అలలుగా కదులుతుంటుంది. ఆ టైములో ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా ఫొటో మెత్తగానే వస్తుంది, లెన్సు చెడిపోయిందని సర్వీస్ సెంటర్‌కు పరిగెత్తకండి. పొద్దున పదిలోపు తీసిన ఫొటోతో పోల్చి చూసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి కబడ్డీ ఆడతాడు, మ్యాచ్‌లన్నీ ఇండోర్ స్టేడియంలోనే. కెమెరాతో వచ్చిన 70-300కు టెలికన్వర్టర్ పెట్టుకోవచ్చా?
– ఓ అమ్మ, వరంగల్

జవాబు: పెట్టుకోలేరమ్మా. కంపెనీ కన్వర్టర్ ముందు అద్దం బయటికి పొడుచుకుని ఉంటుంది, అది ఇలాంటి లెన్సుల వెనక భాగానికి తగులుతుంది. వేరే కంపెనీది ఏదో ఒకటి బలవంతాన ఎక్కించినా, 2ఎక్స్ అయితే 5.6 కాస్తా 11 అవుతుంది, ఫోకస్ దొరక్క కెమెరా అటూ ఇటూ వెతుక్కుంటుంది.

అయినా కబడ్డీకి దూరం సమస్యే కాదు. పెద్దవాళ్ల కోర్టే 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మీకు కావలసింది వెలుతురు. 50 ఎంఎం ఎఫ్/1.8 కొనండి. 5.6 కిట్ లెన్సుతో పోలిస్తే దాదాపు పది రెట్ల వెలుతురు తీసుకుంటుంది. కోర్టు మూలన నేల మీద కూర్చుని, షట్టర్ 1/800 తగ్గకుండా చూసుకుని, బోనస్ లైన్ వైపు గురిపెట్టి ఉండండి. రైడర్ బోనస్ కోసం అక్కడికే వస్తాడు, డిఫెండర్లు ఎక్కువగా అక్కడే మీద పడతారు.

ప్రశ్న: లెన్సు ముందు బిగించే టెలి గ్లాసులు ఆన్‌లైన్‌లో చవగ్గా ఉన్నాయి. వాలీబాల్‌కు పనికొస్తాయా?
– ఓ పాఠకుడు, భీమవరం

జవాబు: పనికిరావు. అంచుల్లో రంగులు విడిపోతాయి, ముందు బరువు పడి కిట్ లెన్సు ఫోకస్ మోటారు మూలుగుతుంది. నెట్ పోస్టు దగ్గర నిలబడనిస్తారేమో రిఫరీని అడిగి చూడండి.