డాక్టర్‌కి మీ మాటలు మీవారే చెబుతుంటే

ప్రశ్న: పెళ్లయి వేరే దేశం వచ్చాను, ఇక్కడి భాష రాదు. డాక్టర్ దగ్గర నా తరఫున మావారే మాట్లాడతారు. నేను అంతసేపు చెప్పింది రెండు ముక్కల్లో తేల్చేస్తారు. కిందటిసారి ఆసుపత్రివాళ్లు ఇంటర్‌ప్రెటర్‌ని పిలిస్తే వచ్చినాయన మావారికి తెలిసిన మనిషి. బ్లీడింగ్ సంగతి ఎత్తలేకపోయాను. లేడీ ఇంటర్‌ప్రెటర్ కావాలంటే అతి అనుకుంటారా? మావారేమో 'నేనుండగా బయటివాళ్లెందుకు' అంటున్నారు.

జవాబు: అతి ఏమీ కాదమ్మా, అడగండి. అడిగేవాళ్లు చాలామందే ఉంటారు, ఆసుపత్రివాళ్లకు ఇది కొత్త కాదు.

ఏ దేశమో మీరు రాయలేదు. అమెరికా అయితే, ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు మీ ఇంటర్‌ప్రెటర్‌ని మీరే తెచ్చుకోమనకూడదని 2016 నుంచి నిబంధన ఉంది. ఇంట్లోవాళ్లు చెప్పడమనేది అత్యవసరమైతేనో, వాళ్లు పక్కన లేనప్పుడు మీరే విడిగా కోరుకుంటేనో (ఈ 'విడిగా' అన్నది 2024లో చేర్చారు). కానీ ఆచరణలో ఇక్కడే చిక్కు. 'మీ ఆయన చెబితే ఫర్వాలేదా?' అని నర్సు అడుగుతుంది, ఆ ప్రశ్న మీదాకా రాకముందే ఆయనే 'ఫర్వాలేదు' అనేస్తారు, కాగితం మీద అది మీ ఇష్టం అయిపోతుంది! యూరోపియన్ యూనియన్‌లో ఆశ్రయం కోరేవాళ్ల ఇంటర్వ్యూలకు, అడిగితే వీలైనంతవరకు ఆడవాళ్లకు ఆడవాళ్లనే ఇంటర్‌ప్రెటర్‌గా ఇవ్వాలని 2013 నాటి ఆదేశంలోనే చెప్పారు. అది మీ డాక్టర్ గదికి వర్తించేది కాదు గానీ, మీ కోరిక వింతదేమీ కాదని తెలియడానికి చెప్పాను.

తలుపు దగ్గర అడిగితే అప్పటికప్పుడు ఆడమనిషి దొరక్కపోవచ్చు, అందుకే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెప్పండి. 'మహిళా ఇంటర్‌ప్రెటర్ కావాలి, కుటుంబ సభ్యులు వద్దు' అని అక్కడి భాషలో ఎవరిచేతైనా రాయించి ఫోన్‌లో పెట్టుకుని రిసెప్షన్‌లో చూపించండి చాలు.

అయితే ఆడమనిషి వస్తే అన్నీ సర్దుకుంటాయనుకోవద్దు. మీరు ఫంక్షన్లలో కలిసే ఆవిడే వచ్చి, మీ మాట డాక్టర్‌కి చేర్చకుండా 'ఇవన్నీ మామూలేనమ్మా' అని మీకే నచ్చజెబుతుంటే ఏం లాభం? అది ఆవిడ పని కాదు. మీరన్నది అన్నట్టుగా, 'నాకు నొప్పిగా ఉంది' అని మీ నోటితో అన్నట్టే చెప్పాలి, విన్నది బయటికి పొక్కనివ్వకూడదు. నన్నడిగితే, ఆడా మగా అన్నదానికన్నా ముందు తెలియని మనిషి కావడం ముఖ్యం, అందుకే మీలాంటివాళ్లకు ఫోన్ ఇంటర్‌ప్రెటర్ మేలంటాను, ఎక్కడో వేరే ఊళ్లో ఉంటారు, మొహం కనబడదు, రేపు ఏ పెళ్లిలోనో ఎదురుపడతారన్న భయం ఉండదు. మనిషే వస్తే, పరీక్ష చేసేటప్పుడు కర్టెన్ అవతల నిలబడి చెప్పమనవచ్చు. మీరు అంతసేపు చెప్పింది ఒక్క ముక్కలో అయిపోయిందనిపిస్తే అక్కడే ఆపి, డాక్టర్‌కి ఏం అర్థమైందో తిరిగి చెప్పించుకోండి.

మీవారి గురించి... చెడ్డ ఉద్దేశం లేకపోవచ్చు. ఆ మాటలు పరాయివాళ్ల ముందు అనడానికి ఆయనకే మొహమాటమేమో, అందుకే రెండు ముక్కల్లో దాటేస్తున్నారేమో. తీసుకెళ్లమనండి, బయట కూర్చోమనండి, మందుల సంగతి చూడమనండి. కానీ ఒక్కసారి కూడా మిమ్మల్ని ఒంటరిగా లోపలికి పంపనంటే అది వేరే విషయం. అప్పుడు నర్సు ఏ పరీక్షకో మిమ్మల్ని విడిగా పిలిచినప్పుడు, ఫోన్‌లో ఇంటర్‌ప్రెటర్‌ని కలపమని అడిగి అదీ చెప్పండి, నాకూ మళ్లీ రాయండి.

ఇదంతా కుదిరేదాకా బ్లీడింగ్‌ని మాత్రం ఆపి పెట్టుకోవద్దు. ఎన్ని రోజులుగా, ఎంత అవుతోందో రాసుకుని ఈ వారమే వెళ్లండి, ఆ రోజుకి ఫోన్‌లో మగగొంతే దొరికినా సరే.