ఆర్డ్యునో ఊనో తీసేసి ఈఎస్‌పీ32 పెట్టాక సర్వోలు వణుకుతున్నాయి, బోర్డు రీసెట్ అవుతోంది. ఏం చేయాలి?

నాలుగు ఎస్‌జీ90 సర్వోల (చెప్పిన కోణానికి తిరిగి ఆగే చిన్న మోటార్ల) రోబో చెయ్యి ఊనో కంట్రోలర్ బోర్డుతో బాగానే నడిచిందని, ఫోన్ నుంచి వైఫైతో ఆడించాలని వైఫై ఉన్న ఈఎస్‌పీ32 బోర్డుకి మారాకే ఈ గొడవ మొదలైందని రాశారు. వైరింగ్ అంతా పాత బ్రెడ్‌బోర్డు (సోల్డర్ లేకుండా వైర్లు గుచ్చే బోర్డు) మీదే ఉంది, కరెంటు ల్యాప్‌టాప్ యూఎస్‌బీ నుంచే వస్తోంది అన్నారు. అసలు జవాబు ఆ చివరి ముక్కలోనే ఉంది. చాలావరకు మీ బోర్డుకేమీ అయి ఉండదు.

మా అన్నయ్య కొడుకు ఇంజనీరింగ్ ప్రాజెక్టులో అచ్చం ఇదే చూశాను. తప్పు కోడ్‌లో ఉందనుకుని వాడు రాత్రంతా డిలేలు మారుస్తూ కూర్చున్నాడు. సీరియల్ మానిటర్ (బోర్డు పంపే సందేశాలు కంప్యూటర్‌లో చూపే విండో) తెరిస్తే ‘బ్రౌనౌట్ డిటెక్టర్ వాజ్ ట్రిగర్డ్’ అని లైను మీద లైను పడుతోంది. మీరూ ముందు అది చూడండి. ఆ మాట కనిపిస్తే చిప్‌కి వోల్టేజీ చాలక తనంతట తానే రీసెట్ అవుతోందన్నమాట. ఆ డిటెక్టర్‌నే కోడ్‌తో ఆపేసే చిట్కా ఒకటి నెట్‌లో తిరుగుతుంటుంది, దాని జోలికి మాత్రం పోకండి.

మరి ఊనో ఎలా తట్టుకుంది? సర్వో కదలడం మొదలుపెట్టగానే ఒక్కసారిగా కరెంటు లాగుతుంది. ఎస్‌జీ90 ఎక్కడైనా ఇరుక్కుంటే 600–700 మిల్లీయాంప్‌ల దాకా పోతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు లెక్క ప్రకారం ఇచ్చేది 500. రెండు సర్వోలు కలిసి కదిలితే 5 వోల్టుల లైను క్షణం పాటు 4 దగ్గరికి జారుతుంది. ఊనోలో చిప్ ఆ 5 వోల్టుల మీద నేరుగా నడుస్తుంది, దాని బ్రౌనౌట్ హద్దు (ఇంతకంటే తగ్గితే రీసెట్ అయ్యే వోల్టేజీ) 2.7 దగ్గర ఉంటుంది, కాబట్టి ఆ జారుడు దానికి లెక్కలోకి రాదు. ఈఎస్‌పీ32కి కావలసింది 3.3 వోల్టులు. చాలా బోర్డుల మీద ఏఎంఎస్1117 రెగ్యులేటర్ 5ని 3.3కి దించుతుంది. ఆ పని చేయాలంటే దానికి వోల్టు పైచిలుకు తేడా ఉండాలి. లోపలికి వచ్చేది 4.4 కిందికి దిగితే బయట 3.3 నిలబడదు. వైఫై సిగ్నల్ పంపే సమయంలో చిప్ కూడా 200 మిల్లీయాంప్‌లు దాటి లాగుతుంది. అంటే మీ వైరింగులో లోపం మొదటినుంచీ ఉంది, ఊనో దాన్ని బయటపడనివ్వలేదు, అంతే.

అందుకే సర్వోల కరెంటు బోర్డు మీదుగా అసలు పోకూడదు, బ్యాటరీ నుంచి బక్ మాడ్యూల్ (వోల్టేజీని దించే చిన్న బోర్డు) ద్వారా విడిగా రావాలి. నాలుగు ఎస్‌జీ90లూ ఒకేసారి మొండికేస్తే దాదాపు 3 యాంప్‌లు. ఎల్‌ఎమ్2596 బక్ మాడ్యూల్ మీద 3 అని రాసి ఉన్నా, హీట్‌సింక్ లేకుండా 2 దాటిస్తే బాగా వేడెక్కిపోతుంది. 5 యాంప్‌ల ఎక్స్‌ఎల్4015 తీసుకోండి, ధరలో పెద్ద తేడా ఉండదు. సర్వోలు తగిలించకముందే మీటర్ పెట్టి, స్క్రూ తిప్పుతూ 5 వోల్టులకు సెట్ చేయండి. అది ఎంత మీద ఉండి వస్తుందో చెప్పలేం. బ్యాటరీకి రెండు 18650 లిథియం సెల్స్ సిరీస్‌లో, ప్రొటెక్షన్ బోర్డుతో సరిపోతాయి. 9800 ఎంఏహెచ్ అని అచ్చేసి అమ్మేవి కొనకండి. ఆ సైజులో మంచి కంపెనీ సెల్ కూడా మామూలుగా 3500 దగ్గరే ఆగుతుంది.

బక్ నుంచి రెండు దారులు తీయండి. లావు వైర్లతో ఒకటి సర్వోలకు, విడిగా ఇంకొకటి ఈఎస్‌పీ32 విన్ (VIN) పిన్‌కు. సర్వోల దగ్గర ప్లస్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 1000 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్ పెట్టండి. చార ఉన్న వైపు గ్రౌండ్‌కి రావాలి. ప్రోగ్రామ్ ఎక్కించడానికి యూఎస్‌బీ గుచ్చినప్పుడు విన్ వైరు తీసేయడం మంచిది.

అన్ని గ్రౌండ్‌లూ కలవాలి. సర్వోలకు వేరే బ్యాటరీ పెట్టి, దాని గ్రౌండ్ బోర్డుతో కలపకుండా వదిలేసిన వాళ్ల సర్వోలే పూనకం వచ్చినట్టు ఊగుతుంటాయి. సిగ్నల్‌ని దేనితో పోల్చి కొలవాలో సర్వోకి తెలియదు మరి. ప్రతి సిగ్నల్ వైరులో 330 ఓమ్‌ల రెసిస్టర్ వేస్తే, గ్రౌండ్ వైరు ఎప్పుడైనా ఊడినా పిన్‌కి కొంత రక్షణ ఉంటుంది.

ఇక ఆ బ్రెడ్‌బోర్డు. సర్వోలు కదులుతుండగా బక్ అవుట్‌పుట్ దగ్గర ఒకసారి, సర్వో కనెక్టర్ దగ్గర ఒకసారి మీటర్ పెట్టి చూడండి. మా వాడి దగ్గర బక్ వద్ద 5 కదలకుండా ఉంది, సర్వో దగ్గర నాలుగున్నర కూడా లేదు. మిగతాదంతా సన్న జంపర్ వైర్లలో, వదులైన క్లిప్పుల్లో పోతోంది. మీటర్ సగటే చూపిస్తుంది, అసలు పడేది ఇంకా ఎక్కువే ఉంటుంది. చిన్న జీరో పీసీబీ (సోల్డర్ చేసుకునే రంధ్రాల బోర్డు) ముక్క మీద ప్లస్, గ్రౌండ్ పట్టాలు సోల్డర్ చేస్తే ఆ బాధ తీరుతుంది.

పిన్‌ల విషయానికొస్తే, 34 నుంచి 39 వరకు ఇన్‌పుట్ మాత్రమే, వాటి మీద సర్వో కదలదు. 6 నుంచి 11 ఫ్లాష్ మెమరీవి. 12 వద్దు, బూట్ అయ్యే సమయంలో అది హైలో ఉంటే బోర్డు లేవకపోవచ్చు. 13, 25, 26, 27 హాయిగా వాడుకోవచ్చు. సిగ్నల్ 3.3 వోల్టులే అయినా 5 వోల్టుల మీద నడిచే ఎస్‌జీ90 మామూలుగా దాన్ని అందుకుంటుంది. మొరాయించే సర్వో ఉంటే 5 వోల్టులు ఇచ్చిన 74హెచ్‌సీటీ125 చిప్ మధ్యలో పెట్టండి, అది సిగ్నల్‌ని 5 వోల్టులకు పెంచుతుంది.

కోడ్‌లో పాత సర్వో లైబ్రరీ బదులు ఈఎస్‌పీ32సర్వో వేసుకోండి. అటాచ్ చేసేటప్పుడు పల్స్ హద్దులు (రెండు చివరి కోణాలకు పంపే సిగ్నల్ పొడవులు) మీరే ఇవ్వండి. ఊనోలో ఏమీ ఇవ్వకపోతే పాత లైబ్రరీ 544, 2400 మైక్రోసెకన్లు వాడుతుంది. ఇక్కడ వేరే అంకెలు ఇస్తే కోణాలు జరుగుతాయి. 0, 180 చివర్ల దాకా తోయకండి. అక్కడ సర్వో గుయ్‌మంటూ ఊరికే కరెంటు తాగుతుంది.

పీసీఏ9685 బోర్డు (చాలా సర్వోలకు ఒకేచోట నుంచి సిగ్నల్ ఇచ్చేది) కొనాలా అని కూడా అడిగారు. నాలుగింటికి అక్కర్లేదు. ఎనిమిది, పది దాటితే కొనండి, అప్పుడు దాని వీసీసీ పిన్‌కి 3.3 వోల్టులు, సర్వోల కరెంటుకి పక్కనున్న స్క్రూ టెర్మినల్. చాలామంది దాన్ని పెడితే వణుకు పోతుందనుకుంటారు. అది సిగ్నల్ మాత్రమే ఇస్తుంది, కరెంటు మళ్లీ మీ బక్ నుంచి రావాల్సిందే.

ముందు హార్న్‌లు (సర్వోల మీది ప్లాస్టిక్ చేతులు) విప్పేసి, ఒక్క సర్వోని 90 దగ్గర నిలబెట్టి చూడండి. తర్వాత ఒక్కొక్కటీ కలపండి. ఆన్ చేయగానే నాలుగూ ఒకేసారి లేవకుండా అటాచ్‌ల మధ్య పావు సెకను గ్యాప్ ఇవ్వండి. అప్పటికీ రీసెట్ అవుతుంటే సర్వో కనెక్టర్ దగ్గర వోల్టేజీ ఎంతుందో ఇక్కడ రాయండి.