హిరోషిగే ఆకాశంలో నీలం గీతలా ఆగిపోతుంటే

జపాన్ చెక్కచ్చు చిత్రకారుడు హిరోషిగే బొమ్మల్లోని ఆకాశాన్ని చెక్క దిమ్మతో అచ్చు వేస్తుంటే, పైనున్న ముదురు నీలం కిందికి పలచబడకుండా గీత గీసినట్టు తెగిపోతోంది, పైగా నువ్వులు చల్లినట్టు చుక్కలు పడుతున్నాయి అన్నారు కదా. గీతకి కారణం రంగు కాదండీ, చెక్క దిమ్మ ఆరిపోవడం. రంగు పెట్టేముందు తడిగుడ్డతో తుడవండి. తేమ ఉండాలి, నీళ్ళు నిలవకూడదు. బ్రష్షుకి ఒక చివరే ప్రష్యన్ బ్లూ (ముదురు నీలం రంగు) అద్ది, రెండో చివర ఉత్త తడిగా ఉంచి, అడ్డంగా ఒకే బాటలో అటూ ఇటూ తోమండి.

చుక్కలంటారా, బియ్యప్పిండి జిగురు తక్కువైనా, కాగితం ఆరినా, బారెన్ (కాగితం వెనక రుద్దే గుండ్రటి బిళ్ళ) నొక్కు చాలకపోయినా వస్తాయి. రంగు పక్కనే చిటికెడు జిగురు పెట్టి కలిపి తోమండి. ముదురు ఒక్క అచ్చుతో రాదు. పలచగా రెండు మూడుసార్లు వేయండి, ప్రతిసారీ కాగితం మూలని కెంతోలో, అంటే కాగితం ఒకేచోట కూర్చోడానికి దిమ్మ మీద చెక్కిన గాట్లో, ఆనించి.

అన్నట్టు, 1856లో మొదలైన హిరోషిగే ఎడో (నేటి టోక్యో) దృశ్యాల్లోనూ ఈ నీలిపట్టీ ఒక్కో అచ్చుప్రతికీ మారుతుంది. పోల్చేముందు మీ ముందున్నది ఏ ప్రతో చూసుకోండి.