కటింగ్ ప్లేయర్ పట్టకముందు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నువ్వు అమెరికాలో కొన్న పాత ఆర్కేడ్ పెట్టె (నాణెం వేసి ఆడే వీడియో గేముది) మిడ్వే కంపెనీ వాళ్ల ప్యాక్‌మ్యాన్‌ది, 1980 నాటిది. అందులో ఇప్పుడు నడుస్తున్నది వేరే ఆట. ఆట బోర్డుల్ని పెట్టెకు తగిలించే ఉమ్మడి వైరింగు పద్ధతి జామా (JAMMA) వచ్చింది 1985లో, దాని కనెక్టరుకి 56 పిన్నులు. కాబట్టి 56 పిన్నుల కనెక్టరూ దానికి తగిలిన వైర్లూ పుట్టుకతో వచ్చినవి కావని చూడకుండానే చెప్పొచ్చు. చిక్కంతా మిగతాదాంట్లో ఏది అసలుది, ఏది తర్వాత చేరింది అని తేల్చడంలోనే. ఆట మార్చేవాళ్లు పాతదంతా పీకరు. పనికొచ్చేది ఉంచుకుంటారు, అడ్డొచ్చింది కత్తిరిస్తారు, కొనలు అలాగే వేలాడదీసి వెళ్తారు. ఆ కొనలే నీకు ఆధారం. అందుకని మొదటి రోజు టార్చిలైటు, కెమెరా, మల్టీమీటరు తప్ప ఇంకేమీ చేతిలోకి తీసుకోకు.

పని మొదలుపెట్టేముందు ప్లగ్గు గోడ నుంచి పీకెయ్. స్విచ్చు ఆపితే చాలదు. పిక్చర్ ట్యూబు జోలికి ఇప్పుడు పోవద్దు, ఆపాక కూడా అందులో వేల వోల్టులు నిలిచి ఉండొచ్చు.

ముందు చెక్కను చూడు. ఖాళీ స్క్రూ రంధ్రాలు, చుట్టూ మాసిపోయి మధ్యలో శుభ్రంగా మిగిలిన చోట్లు కనిపిస్తే అక్కడ ఒకప్పుడు ఏదో బిగించి ఉండేదన్నమాట. ఫ్యూజుల రేటింగు రాసిన కాగితం గానీ వెనక సీరియల్ నంబరు రేకు గానీ ఉంటే వాటి మీద తడిగుడ్డ పెట్టకు. ఇప్పుడున్న ఫ్యూజుల్ని నమ్మి కొత్తవి కొనొద్దు. మాటిమాటికీ పోతోందని పెద్ద ఫ్యూజు వేసిపోవడం ఆ రోజుల్లో మామూలే.

తర్వాత వైర్లు. ఫ్యాక్టరీ కట్టలో రంగుల మీద చారలుంటాయి, పిన్నులు తెల్ల ప్లాస్టిక్ కనెక్టర్లలోకి నొక్కి ఉంటాయి, కట్ట మొత్తం క్లిప్పులతో చెక్కకు అంటిపెట్టుకుని ఒకే దారిన పోతుంది. తర్వాత చేరినవాటికి టోపీల్లాంటి వైర్ నట్లు, జిగురు కారే నల్లటేపు, నీలం ఎరుపు క్రింపు అతుకులు కనిపిస్తాయి. ఇక్కడొక పొరపాటు చాలామంది చేస్తారు: నీటుగా ఉన్నదల్లా అసలుదనుకుంటారు. మార్పిడి కిట్టుతో వచ్చే రెడీమేడ్ కట్ట కూడా నీటుగానే ఉంటుంది. అలాగే టంకం వికారంగా ఉన్నంత మాత్రాన అసలు వైరు కాదని కొట్టిపారెయ్యకు, అసలు వైరుకే ఎవరో రిపేరు చేసి ఉండొచ్చు. అనుమానం వస్తే అంకెలు చూడు. ట్రాన్స్‌ఫార్మర్ల మీదా పెద్ద కెపాసిటర్ల మీదా తరచుగా నాలుగంకెల తేదీ ఉంటుంది. 8024 అంటే 1980లో 24వ వారం.

ఇక పవర్. చిల్లుల రేకు డబ్బా, దాని అంచున +5, −5, +12 అని రాసిన స్క్రూ టెర్మినళ్లు, పక్కన వోల్టులు సర్దే చిన్న తిప్పుడు బిళ్ల ఉంటే అది తర్వాత పెట్టిన స్విచింగ్ సప్లై, అంటే గోడ కరెంటును బోర్డుకు కావాల్సిన డీసీగా మార్చే డబ్బా. ప్యాక్‌మ్యాన్‌కి అసలు అలాంటి డబ్బానే లేదు. అడుగున బరువైన ట్రాన్స్‌ఫార్మరూ ఫ్యూజులూ ఉంటాయి. దాన్నుంచి తక్కువ వోల్టుల ఏసీ 44 పిన్నుల కనెక్టరు ద్వారా ఆట బోర్డుకు వెళ్తుంది, 5 వోల్టుల డీసీని బోర్డే తయారు చేసుకుంటుంది. ఆ పాత కనెక్టరు దొరికితే పవర్ పిన్నులు నల్లబడ్డాయేమో చూడు. కరెంటంతా అక్కడే పారుతుంది కాబట్టి ముందు మాడేవి అవే. కత్తిరించిన ఏసీ కొనల విషయంలో మాత్రం జాగ్రత్త. ట్రాన్స్‌ఫార్మరుకి కరెంటు వెళ్తుంటే అవీ బతికే ఉంటాయి. ఒక్కో కొనకూ విడిగా ఇన్సులేషన్ తొడిగి చీటీ కట్టు.

స్విచింగ్ సప్లై ఉంది కదా, పాత ట్రాన్స్‌ఫార్మరెందుకు అని తీసెయ్యకు. చాలా పెట్టెల్లో మానిటరుకి గోడ కరెంటును వేరుచేసి ఇచ్చేది ట్రాన్స్‌ఫార్మరే. ఎలక్ట్రోహోమ్ జీ07, వెల్స్ గార్డ్నర్ కే4600 లాంటి మానిటర్లు అలా వేరుచేసిన కరెంటు లేకుండా నడపకూడనివి. పరీక్ష ఇలా చెయ్యి. ప్లగ్గు గోడకు లేకుండా, పెట్టె స్విచ్చు ఆన్‌లో ఉంచి, తలుపు దగ్గరి ఇంటర్‌లాక్ స్విచ్చు (తలుపు తెరిస్తే కరెంటు ఆపేది) నొక్కి పట్టుకుని, మానిటరు కనెక్టరు ఊడదీసి, మీటరును ఓమ్స్‌లో పెట్టు. ప్లగ్గు రెండు బ్లేడ్లలో ఒక్కోదాని నుంచి కనెక్టరులోని రెండు పవర్ పిన్నులకూ కొలువు. నాలుగు కొలతల్లోనూ తెగినట్టే చూపించాలి. ఏదైనా కొద్ది ఓమ్స్ చూపిస్తే మధ్యలో ఐసోలేషన్ లేదన్నమాట. అలా మానిటరును తగిలిస్తే దాని చాసిస్ (సర్క్యూటు బిగించిన ఇనుప చట్రం) ముట్టుకున్నవాడికి షాకు, వీడియో గ్రౌండు దారిలో ఆట బోర్డుకు ముప్పు.

ఇంటర్‌లాకు వైర్లు రెండూ కలిపి మెలేసి ఉంటే విప్పి స్విచ్చు మళ్లీ పెట్టు. ప్లగ్గు మూడో పిన్ను విరిచేసి ఉంటే కార్డే మార్చెయ్. ఎర్తు పిన్ను నుంచి నాణేలు వేసే కాయిన్ డోరుకూ ట్రాన్స్‌ఫార్మరు ఇనుముకూ కొలిస్తే ఒక ఓమ్ లోపే రావాలి.

ఇవే గుర్తులు పట్టుకుని వేరే కంపెనీ పెట్టె కొంటే మోసపోతావు. ఆస్టరాయిడ్స్ ఆట కాలం నాటి అటారీ కంపెనీ పెట్టెల్లో అడుగున ఇటుకలాంటి పవర్ దిమ్మె, అందులో 27,000 మైక్రోఫారడ్ల పెద్ద నీలం కెపాసిటరు, విడిగా రెగ్యులేటర్–ఆడియో బోర్డు ఉంటాయి. డాంకీ కాంగ్ ఆట పెట్టెలోని సాన్యో మానిటరు 100 వోల్టులది. అది వెలుగూ చీకటీ తారుమారైన వీడియో సిగ్నల్ తీసుకుంటుంది, సౌండ్ యాంప్లిఫయరు కూడా దాని మీదే ఉంటుంది. మానిటరు మార్చినవాడు సౌండుకు వేరే యాంప్లిఫయరు వెతుక్కోవాల్సిందే. డిఫెండర్ ఆట బోర్డులో 4116 రకం మెమరీ చిప్పులున్నాయి. వాటికి −5 వోల్టులు అందకుండా +12 తగిలితే చచ్చిపోతాయి.

పెట్టెను ఎప్పుడైనా ఇండియాకు తెచ్చే ఆలోచన ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే సరిపోదు. ఇక్కడ 50 హెర్ట్జ్. 60కే చేసిన పాత ట్రాన్స్‌ఫార్మరు ఎక్కువ వేడెక్కుతుంది. దాని మీద 50/60 అని ఉందేమో చూసుకో.

అన్నీ తేలాక ఆట బోర్డు, మానిటరు రెండూ తగిలించకుండా కరెంటు ఇచ్చి స్విచింగ్ సప్లై కొలువు. తర్వాత బోర్డు పెట్టి, కొలత సప్లై దగ్గర కాకుండా బోర్డు మీదే తీసుకుని 5.0కి సర్దు. సప్లై దగ్గర 5.0, బోర్డు మీద 4.7 వస్తే లోపం సన్నటి వైర్లలోనో కాలిన పిన్నులోనో ఉంటుంది. ఆ బిళ్ల తిప్పి కప్పిపుచ్చకు.

ట్రాన్స్‌ఫార్మరు మీది అంకెలూ మానిటరు చాసిస్ మీది పేరూ ఫోటో తీసి పంపు. అప్పటిదాకా ఏదీ కత్తిరించకు.

మీ మామయ్య